నాగదుర్గ నోరు జారిన శుక్రవారం

నాగదుర్గది రాజోలు పక్క పల్లెటూరు. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్ళయింది. ఆమె వంటకూ ఇస్త్రీకీ వంక పెట్టినవాళ్ళు లేరు గానీ, నోట్లో నువ్వుగింజ నానదు.

ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఆమె పనిచేసే ఇంటి జపాన్ మేడమ్ పేరు హత్సుయే. వయసు అరవై దాటింది. పుట్టింది రాచకుటుంబంలో. పెళ్ళయ్యేదాకా ఆవిడకు ఇంటిపేరన్నదే లేదట. మామూలు ఇంజనీరును చేసుకుని, రాకుమారి బిరుదు వదులుకుని, మొదటిసారిగా ఒక ఇంటిపేరు తెచ్చుకుంది. ఆ బిరుదున్న రోజుల్లో ఆసుపత్రులవాళ్ళు రిబ్బను కత్తిరించడానికి పిలిచేవారు. అది నచ్చక పట్టుబట్టి నర్సు పని నేర్చుకుంది. ఇదంతా ఓ మధ్యాహ్నం చిక్కుళ్ళు ఒలుస్తూ చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది.

శుక్రవారాలు ఇద్దరూ సిత్రాలో ఒక లేబర్ క్యాంపుకు వెళ్ళేవారు. పొద్దస్తమానం బూట్లలో ఉడికిన కాళ్ళు అక్కడివాళ్ళవి. మేడమ్ నేలమీద కూర్చుని ఒక్కొక్కరి పాదాలు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, గోళ్ళు తీసి, పుండ్లకు కట్టు కట్టేది. నాగదుర్గ నీళ్ళందిస్తూ, ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పేది. జగిత్యాల వైపు గంగన్నకు షుగరు, బొటనవేలికి పుండు. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపేస్తుందని భయపడి, మేడమ్‌కు తప్ప ఎవరికీ చూపించేవాడు కాదు.

ఓ శుక్రవారం భూమేష్ అనే కుర్రాడు, "గీ ముసలామెకు దీనికి జీతమిస్తరా?" అని ఎకసెక్కమాడాడు.

నాగదుర్గకు ఒళ్ళు మండింది. "జీతమేంటి నీ మొహం! ఆవిడ రాజుగారి కూతురు!" అనేసింది. వెంటనే నాలుక్కరుచుకుంది.

మరుసటి వారం మేడమ్ కారు దిగేలోగా నాగదుర్గ నీళ్ళు పట్టుకుని లోపలికి వెళితే, ఒక్కరూ కాళ్ళు చాపలేదు. గంగన్నయితే మంచం కిందికి లాక్కున్నాడు. "వద్దు చెల్లె. పెద్దామె, అండ్ల రాజుల బిడ్డ. నా కాళ్లు ముడితే నాకు పాపం తగుల్తది."

నిజం చెబితే మేడమ్ ఏమంటుందోనని నాగదుర్గ హడలిపోయింది. కారు దగ్గరికి తిరిగొచ్చి, అందరికీ ఓవర్‌టైం పడిందనీ, గంగన్న పుండు మానిందనీ అబద్ధమాడింది. ఆ పై వారమూ అదే చెప్పింది.

మూడో శుక్రవారానికి గంగన్నకు జ్వరం, గదంతా కుళ్ళు వాసన. నాగదుర్గ ఏడుస్తూ మేడమ్‌తో ఉన్నదంతా చెప్పేసింది. ఆవిడ గంగన్నను కారెక్కించి ఆసుపత్రిలో చేర్చింది.

వేలు తీసేశారు. కంపెనీ ఇంటికి పంపే కాగితం తయారుచేసింది. మేడమ్ చూడటానికి వస్తే గంగన్న అప్పుడు కూడా కాళ్ళమీదికి దుప్పటి లాక్కున్నాడు.

"ఇంకానా అన్నయ్యా?" అంది నాగదుర్గ.

"ఏం జేయను చెల్లె, అమ్మ ముంగట కాళ్లు ఎట్ల సాపుత?"

మేడమ్ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కొత్త కట్టుగుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. చివరికి గంగన్న కళ్ళు మూసుకుని కాలు బయటికి పెట్టాడు. ఆవిడ మెల్లగా కట్టు విప్పింది. లోపల నాలుగే వేళ్ళున్నాయి. రెండు వారాల ముందే తను నిజం చెప్పి ఉంటే అయిదూ ఉండేవని నాగదుర్గకు తెలుసు.