చిల్లున్న కాసులే కావాలి

నరసాపురం చేపల బజారులో ఎవరైనా "ఓడెక్కి వెళ్తున్నాను అత్తా" అని చెబితే, అక్కడ చేపలమ్మే మరిడమ్మ అడిగేది ఒకటే. "సెంటు సీసాలొద్దు, చాక్లెట్లొద్దు. చిల్లున్న కాసు కనబడితే ఒకటి పట్రా నాయనా, చాలు."

ఈ సరదా పట్టుకుని ముప్పై ఏళ్ళు దాటింది. అన్న బుల్లబ్బాయి సరుకుల ఓడలో పనికి కుదిరి, మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు చొక్కా జేబులోంచి ఒక పసుపుపచ్చని నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. జపాను వాళ్ళ ఐదు యెన్‌ల బిళ్ళ. మధ్యలో గుండ్రంగా చిల్లు. మరిడమ్మ ఆ చిల్లులోంచి అన్న మొహం చూసింది, గోదావరిని చూసింది, పక్కింటి కోడిపుంజును చూసింది, పకపకా నవ్వింది. వల అల్లే నైలాను దారం ముక్క ఒకటి తెంపి దాన్ని గుచ్చి ముడేసింది. ఇప్పుడా దారానికి నలభై మూడు కాసులున్నాయి. చిల్లు లేనిది ఎంత గొప్ప దేశానిదైనా ఆమెకు అక్కర్లేదు. "గుచ్చుకోడానికి లేందాన్ని ఏం చేసుకోనండీ?" అంటుంది.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన త్రిమూర్తులు ఆమెకు వాడుక మనిషి. ఒకరోజు పండుగప్ప బేరమాడుతూ, ఆమె పక్కన పెట్టుకున్న దండ చూసి బేరం మర్చిపోయాడు. ఆయనా నాణేలు పోగుచేస్తాడు. రాజమండ్రిలో నెలకో ఆదివారం అలాంటివాళ్ళంతా కలుస్తారు. ఈసారి ఎవరికి వాళ్ళు తమకు బాగా ఇష్టమైన నాణెం తెచ్చి, దాని సంగతి చెప్పాలట.

"నువ్వూ రావాలి మరిడమ్మా" అన్నాడు.

"నాకు చదువు రాదు బాబుగారూ. అంత పెద్దోళ్ళ మధ్య నేనేం మాట్టాడతాను?"

"ఒక్క చేప గురించి నాకు అరగంట చెప్పట్లేదా? అలాగే చెప్పు."

ఆ ఆదివారం తెల్లారి రైలుకి ఇద్దరూ బయలుదేరారు. రాజమండ్రిలో ఆ హాలు చూసేసరికి మరిడమ్మకి కళ్ళు చాలలేదు. ఒకాయన దగ్గర వేలిగోరంత బంగారు నాణెం. కాకినాడ నుంచి వచ్చిన ఆయన దగ్గర గిటారు ఆకారంలో పోసిన నాణెం, సోమాలియాదట. "దీన్నిచ్చి ఏం కొంటారండీ, పాటలా?" అని మరిడమ్మ అడిగితే ఆయన కూడా నవ్వాడు. గీతిక అనే కాలేజీ పిల్ల ఆమె పక్కనే కూర్చుని, ఒక్కొక్కటీ ఏ దేశానిదో చెవిలో చెబుతూ ఉంది.

భీమవరంలో రొయ్యల చెరువులున్న వెంకటరామరాజు గారికి ఆ గుంపులో పెద్దరికం ఉంది. తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, నాణేన్ని అంచు పట్టుకునే ఎత్తుతారు. మరిడమ్మ వంతు వచ్చి, సంచిలోంచి దండ తీసి ఘల్లుమని బల్ల మీద పెట్టగానే ఆయన ఉలిక్కిపడ్డారు. కాసులన్నీ తళతళా మెరిసిపోతున్నాయి.

"వీటిని తోమారా అమ్మా?"

"ఆయ్. పండగ పండక్కీ చింతపండేసి తోముతానండి. చేపల వాసన పోవద్దూ?"

రాజుగారు కళ్ళు మూసుకున్నారు. హాలు హాలంతా గొల్లున నవ్వింది. మరిడమ్మకి ఏం తప్పు చేసిందో తెలియలేదు. చెవులు వేడెక్కాయి.

"తోమితే నాణెం పైపొర పోతుందమ్మా. దాని వయసంతా ఆ పొరలోనే ఉంటుంది" అన్నారాయన, మెత్తగానే. "సరే, ఏవేవి ఏ దేశానివో చెప్పండి."

"చెప్తానండి. చూడక్కర్లేదు కూడా."

ముడి విప్పి కాసులన్నీ బల్ల మీద కుప్ప పోసింది. పైట చెంగు కళ్ళకి అడ్డంగా కట్టుకుంది. మాట్లాడుతూనే చేప మొప్ప కింద వేలు పెట్టి తాజాదో కాదో చెప్పే చెయ్యి అది. గీతిక ఒక్కొక్కటీ అందిస్తుంటే వేళ్ళ మధ్య తిప్పి చెప్పసాగింది.

"నున్నటి అంచు, మా అన్న తెచ్చిన జపానుది. గరుకంచు, ఇదీ జపానుదే, యాభైది. ఇది నార్వే, మా వీధి కుర్రోడు ఉదయ్‌కుమార్ తెచ్చాడు, వాడికక్కడ చలికి పెదాలు పగిలిపోయాయంట. ఇది ఆఫ్రికాది, చిల్లు పెద్దది, తేలిగ్గా ఉంటది."

ఒక్కటీ తప్పలేదు. అప్పుడు రాజుగారు తన ఆల్బం లోంచి ఒక నాణెం తీసి, చప్పుడు చేయకుండా ఆమె చేతిలో పెట్టారు. మరిడమ్మ దాన్ని చాలాసేపు తడిమింది.

"ఇది నాది కాదండి. చిల్లు కాణీ, మన పాతకాలం నాటిదే. దీన్ని ఎవరో ఏళ్ళ తరబడి కట్టుకుని తిరిగారండి. చిల్లు ఒక పక్కే దారం రాసుకుని అరిగింది. పిల్లల మొలతాడుకి కట్టేవోరు కదా."

రాజుగారు దాన్ని లాక్కున్నంత పని చేసి భూతద్దం కింద పెట్టారు. వంగి చూశారు, లేచారు, మళ్ళీ వంగారు. "పన్నెండేళ్ళుగా నా దగ్గర ఉంది! టంకశాల తెలుసు, బరువు తెలుసు, సంవత్సరం తెలుసు. ఎవరి ఒంటి మీదో అరిగిందని మాత్రం ఈవిడ చెప్పేదాకా తెలియలేదు!" అన్నారు. చిన్నపిల్లాడిలా ఆ కాణీ పట్టుకుని అందరికీ చూపించుకుంటూ తిరిగారు.

మరిడమ్మ కళ్ళ మీంచి చెంగు తీసేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. సిగ్గుతో మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకుంది.

తన దగ్గరున్న చిల్లు నాణేల్లో నచ్చింది తీసుకోమని రాజుగారు పెట్టె తెరిచారు. ఆమె అన్నిట్లోకీ పెద్దది, రెండు మొసళ్ళున్నది ఏరింది. పాపువా న్యూగినీదని గీతిక చదివి చెప్పింది. "ఊరికే తీసుకోనండి" అంటూ మరిడమ్మ తన దగ్గర రెండున్న జపాను యాభై యెన్‌ల బిళ్ళల్లో ఒకటి ఆయనకిచ్చింది.

"తోమలేదు కదా?"

"మొన్న దీపావళికే తోమానండి."

రాజుగారు నవ్వి, దాన్ని ఆల్బం మొదటి పేజీలోనే పెట్టుకున్నారు.

వచ్చే నెల కూడా రమ్మని అందరూ చుట్టూ చేరితే, మరిడమ్మ ఉన్నమాట చెప్పేసింది. ఆదివారమే చేపల బేరం జోరుగా ఉండేది. ఈ రోజంటే వదిన నూకరత్నాన్ని దుకాణంలో కూర్చోబెట్టి వచ్చింది గానీ, ప్రతిసారీ కుదరదు. వాళ్ళు అక్కడికక్కడే మాట్లాడుకుని సమావేశాన్ని శనివారానికి మార్చేశారు. శనివారం నీచు ముట్టని వాళ్ళు ఎక్కువ, బజారు చల్లగా ఉంటుంది.

ఆ మొదటి శనివారం, రైల్లో ఎదురు సీట్లలో ఉన్న పెళ్ళివారి ఆడవాళ్ళకి మరిడమ్మ మొసళ్ళ కాసు చూపిస్తూ, నార్వే చలి గురించి చెప్పుకుపోతోంది. రైలు గోదావరి బ్రిడ్జి ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. రాజమండ్రిలో ముందే దిగిపోయిన త్రిమూర్తులు ప్లాట్‌ఫారం మీంచి రెండుసార్లు కేకేస్తే గానీ దిగలేదు.