నీళ్లొడ్డున హద్దురాళ్లు

2024 మే నెల. సంగారెడ్డి అవతల మంజీరా మీది ప్రాజెక్టు వెనక నిలిచే నీళ్లు బాగా దిగిపోయాయి. నలభై ఏళ్ల కింద ప్రాజెక్టు కోసం ఖాళీ చేయించిన ఒక ఊరు ఆ ఎండకు బయటపడింది. మొండిగోడలు, ఒక బావి గట్టు, ఆ పక్కన చదునుగా ఒక గడ్డ. నేను పోతిరెడ్డిపల్లిలో చిన్న ఆఫీసు పెట్టుకున్న ప్రైవేటు సర్వేయర్ని. ఆ ఒడ్డునే తన పట్టా భూమిలో రిసార్టు కడతానన్న ఒక సేఠ్ హద్దులు తేల్చమంటే, వెళ్లి కొలిచి, స్కెచ్ మీద సంతకం పెట్టి ఇచ్చాను. నా స్కెచ్ ప్రకారం ఆ గడ్డంతా ఆయన భూమిలోకే వచ్చింది.

ఎలా కొలిచానో చెప్పాలి, సిగ్గైనా సరే. మాకు టోటల్ స్టేషన్ అని ఒక మిషన్ ఉంటుంది. మూడుకాళ్ల స్టాండు మీద నిలబెడితే కాంతి పంపి దూరాన్నీ కోణాన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం మనిషే చెప్పాలి. పాత హద్దురాయి దొరికితే, అక్కణ్ణుంచి టిప్పన్ పట్టుకుని మిగతాది గీస్తాం. టిప్పన్ అంటే ఆ భూమికి వెనకటి కొలతల పటం. నాకు రెండు రాళ్లు దొరికాయి, నెత్తిన గీత చెక్కిన అసలు సిసలు సర్కారీ రాళ్లు. రెండింటి మధ్య దూరం టిప్పన్‌తో ఆరు మీటర్లు తేడా వచ్చింది. వెనకటి గొలుసు కొలతలు, ఆ మాత్రం తేడా మామూలేనని సర్దేసుకున్నాను. ఎండ మండిపోతోంది, ఆకలవుతోంది. అదీ నా శాస్త్రం!

వారం తర్వాత పొద్దున్నే సైట్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. "సార్, జల్దీ రండి. ఒక ముసలామె జేసీబీ ముంగట కూసున్నది. ఇది బొందలగడ్డ అంటున్నది. మీ స్కెచ్ జెర సూపెట్టి పంపియ్యుండ్రి. పన్నెండు గొట్టేవరకు గడ్డ సాఫ్ గాకపోతే సేఠ్ నా నౌకరి తీస్తడు."

తిట్టుకుంటూ బండి తీశాను. వెళ్లేసరికి జేసీబీ ఇంజన్ నడుస్తూనే ఉంది, బకెట్ గాల్లో ఉంది. దానికి పది అడుగుల దూరంలో ఆమె. నేను కొలత మొదలుపెట్టిన రాయినే పట్టుకుని కూర్చుంది. పేరు సాయమ్మ. పటాన్‌చెరులో మందుల కంపెనీలో ఊడ్చే పని. సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చింది.

"లేమ్మా, ఇది పట్టా భూమి. కాగితం ఉంది" అన్నాను.

"కాయిదం నీకున్నది సారూ. కింద మా అత్తున్నది."

నాకు చిర్రెత్తింది. "ఇక్కడ శ్మశానం ఉన్నట్టు నేను చూసిన పటంలో లేదు. నువ్వు పట్టుకున్నది హద్దురాయి. సర్కారు పాతింది."

ఆమె నవ్వింది. "సర్కారు పాతిందా? నేను, మా ఆయన మోసుకొచ్చి పాతినం. నా భుజం ఇప్పటికీ గుంజుతది."

"ఎక్కణ్ణుంచి?"

"మా పొలం గెట్టు మీదికెల్లి. ఊరు లేపిండ్రు, పొలం నీళ్లల్ల పోవట్టె. పొలమే పోయినంక హద్దు దేనికి? అప్పటికి మా అత్త సచ్చిపోయి నెల గూడ కాలే. సచ్చే ముంగట, నన్ను కొత్త జాగకు తీస్కపోకుండ్రి, ఈడనే పెట్టుండ్రి, నువ్వు ఏడాదికోపారి వచ్చిపో అని నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నది. నీళ్లు దిగినంక జాగ ఎట్ల దొరుకుతది? గందుకే తలకాడ గా రాయి పాతినం. మమ్ముల సూసి ఇంకొకలు గూడ గట్లనే పాతిండ్రు."

వంగి రాయి నెత్తి చూశాను. హద్దురాయి మీది గీత పక్క రాయి వైపు చూడాలి. ఇది నీళ్ల వైపు చూస్తోంది. రెండో రాయి దగ్గరికి పరుగెత్తాను. దాని గీత మరో దిక్కుకు ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎన్ని వందల రాళ్లు చూశానో! ఈ రెండింటి నెత్తి మాత్రం సరిగ్గా చూడలేదు. తలకాయ తీసేసినట్టయింది.

జేసీబీ డ్రైవరు నడపనా అని కిందికి వంగి అరిచాడు. "సాబ్, చలావూఁ క్యా?"

ఇన్‌ఛార్జి నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఊ అనుండ్రి సార్, అయిపోతది. సంతకం పెట్టిన కాయిదం. ఎవడడుగుతడు?"

అబద్ధమెందుకు, ఊ అనాలనే అనిపించింది. తప్పు బయటపడితే లైసెన్సు మీదికి వస్తుంది. ఈ బెల్టులో సర్వేయర్ పేరు ఒకసారి చెడితే మళ్లీ పిలిచేవాడుండడు. నేను నోరు విప్పకపోవడం చూసి డ్రైవరు సరేననుకున్నాడేమో, బకెట్ దించడం మొదలుపెట్టాడు. సాయమ్మ కళ్లు మూసుకుని రాయిని రెండు చేతులా వాటేసుకుంది.

"బంద్ కరో!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బకెట్ ఆగింది. స్కెచ్ తీసుకుని బండి సీటు మీద పెట్టి, అడ్డంగా గీత కొట్టి, 'ఈ కొలత తప్పు' అని రాసి సంతకం పెట్టాను. "మరి నా నౌకరి?" అన్నాడు ఇన్‌ఛార్జి ఏడుపు మొహంతో. అతని ముందే సేఠ్‌కి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నీ పడ్డాను.

సాయమ్మ మాత్రం రాయిని తడుతూ అత్తతో మాట్లాడుతోంది. "సూసినవా? బతికినన్ని దినాలు పని రాదు, పాట రాదు అని సంపుకతిన్నవ్. ఇయ్యాల నీకోసం జేసీబీ కింద కూసున్న. ఇగనన్న మంచిదాన్నని అను!" నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, మొహం పక్కకు తిప్పుకున్నాను.

తర్వాతి సోమవారం మూడు ఊళ్ల హద్దులు కలిసే బండ దగ్గర మొదలుపెట్టి మళ్లీ కొలిచాను. అసలు హద్దు నలభై మీటర్లు ఒడ్డు పైకి తేలింది, గడ్డ సేఠ్ భూమిలో లేదు. సేఠ్ మళ్లీ నన్ను పిలవలేదు. ఇప్పుడు రాయి దొరికితే వెంటనే మిషన్ బిగించను. చుట్టుపక్కల పాత మనిషిని వెతికి, దీన్ని ఎవరు పాతారని అడుగుతాను. మిషన్ చెప్పలేనిది ఆ ఒక్కటే, అసలు తెలియాల్సిందీ అదే.

మళ్లీ కొలిచిన ఆ సోమవారమే, రాళ్లు చోటు మారిన సంగతి వాంగ్మూలంగా రాసుకోవడానికి సాయమ్మను గడ్డ దగ్గరికి పిలిపించాను. పేరు రాశాను, వయసు రాశాను. ఊరు దగ్గర కలం ఆగింది.

"పటాన్‌చెరు అని రాయనా అమ్మా?"

"పటాన్‌చెరుల పని జేస్త సారూ" అంది, బురదలోని మొండిగోడల వైపు చెయ్యి చాపి. "ఊరు గిదే. రాయి."