కుసుమ కొలిచిన నీళ్లు

బ్రిస్బేన్‌కు పడమటి పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కుసుమ కాపురం. నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. వారానికి రెండు రోజులు వ్యాను వేసుకుని చుట్టుపక్కల చెరువులకూ డ్యాములకూ వెళ్లాలి, సీసాల్లో నీళ్లు పట్టి తేవాలి, విషపు నాచు ఎంతుందో మైక్రోస్కోపు కింద చూసి రాయాలి. పైపైన నీళ్లు పడితే సరిపోతుంది. కుసుమ మాత్రం పొడుగాటి వైరున్న థర్మామీటరొకటి సొంతంగా కొనుక్కుని, అడుగుదాకా దించి అక్కడి వేడి కూడా నోటుపుస్తకంలో రాసుకునేది. ఎందుకని తోటివాళ్లు అడిగితే "ఊరికే, చూద్దామని" అనేది. ఆ ఊరికే చూడటం ఏడేళ్లు సాగింది.

నిజానికి చీరాల నుంచి ఆవిడ ఈ దేశం వచ్చిందే పరిశోధనకు. అడిలైడ్‌లో పీహెచ్‌డీ సీటు, స్కాలర్‌షిప్పు. తొమ్మిది నెలలు చేసింది. అంతలో భర్త విజయభాస్కర్‌కు బ్రిస్బేన్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది, కడుపులో అనన్య పడింది. "తర్వాత చేద్దువులే" అన్నాడు భాస్కర్. అనన్యకు పదిహేనేళ్లు వచ్చాయి. ఆ "తర్వాత" మాత్రం రాలేదు.

నోటుపుస్తకాలు నాలుగు నిండాక కుసుమకు ఒక సంగతి తేలింది. గాలి ఆగిపోయి, పైనీటికీ అడుగునీటికీ మధ్య మూడు డిగ్రీల తేడా వరసగా రెండు వారాలు నిలిచిందంటే, మూడో వారం నాచు విరగబడుతుంది. ముందే తెలిస్తే పిల్లల్నీ కుక్కల్నీ నీళ్ల దగ్గరకు రానివ్వకుండా బోర్డు పెట్టొచ్చు. ఎవరికి చెప్పాలో తెలియక ఈశ్వరప్రసాద్‌కు చెప్పింది. ఆయన ముప్పై ఏళ్లుగా ఇక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసరు, తెలుగువాళ్లందరికీ అంకుల్, అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. కుసుమ చేతి గోంగూర పచ్చడంటే ఇష్టం. "బంగారంలాంటి డేటా తల్లీ. మొత్తం పంపు, తీరిగ్గా చూస్తాను" అన్నాడు. పంపింది. ఆ తర్వాత ఎప్పుడు కదిపినా "చూస్తున్నానమ్మా, సెమిస్టర్ బిజీ" అనేవాడు. అలా రెండేళ్లు గడిచాయి.

ఆ ఏడు మార్చిలో ల్యాబు మేనేజరు మధ్యాహ్నం అందర్నీ మీటింగ్ రూముకు పిలిచాడు. యూనివర్సిటీ వాళ్లు కొత్త పద్ధతొకటి కనిపెట్టారనీ, ఇకమీదట చెరువులకూ డ్యాములకూ ప్రమాదం బోర్డులు దాని ప్రకారమే పెడతారనీ, వాళ్లే వచ్చి వివరిస్తారనీ చెప్పాడు. వచ్చింది ఈశ్వరప్రసాద్. తెర మీద మూడో బొమ్మ పడగానే కుసుమ చేతిలోని శాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. అది తాను గీసి పంపిన గ్రాఫే. 2022 వరదలకు రోడ్డు మూసేస్తే తాను వెళ్లలేకపోయిన మూడు వారాల ఖాళీ కూడా అలాగే ఉంది. ఆయన దాన్ని లేజర్ లైటుతో చూపిస్తూ "మా టీమ్" అన్నాడు, "మా అబ్జర్వేషన్" అన్నాడు. చివర్లో, దీని మీద పరిశోధన పత్రికలో అచ్చయిన పేపరూ, అది రాసినవాళ్ల పేర్లూ తెర మీద చూపించి, ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కుసుమ కారు పార్కులో పట్టుకుంది ఆయన్ని.

"అంకుల్, పేపర్లో నా పేరేదీ?"

"రాసినవాళ్ల పేర్లే వేస్తారమ్మా. డేటా ఎవరైనా కలెక్ట్ చేస్తారు. ఎనాలసిస్ మా వాళ్లది."

"మూడు డిగ్రీల సంగతి మీకు మెయిల్లో రాసింది నేను."

ఆయన చిన్నగా నవ్వి కారు తలుపు తెరిచాడు. "ఇంత ఇంటరెస్ట్ ఉన్నదానివి యూనికి రావాలి నువ్వు. జూలైలో స్కాలర్‌షిప్ ఒకటుంది, నా దగ్గరే పీహెచ్‌డీలో చేరు. మా అమ్మాయిలాంటిదానివి, ఇంత చిన్న విషయం పెద్దది చేసుకోకు."

కారు వెళ్లిపోయింది. కుసుమకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంతకంటే ఘోరం, పీహెచ్‌డీ అన్న మాట వినగానే తన గుండె ఒక్కసారి ఎగిరింది. కాజేసిన మనిషి ఎదుట నిలబడి కూడా ఆశపడింది. ఆయన్ని తిట్టుకున్నదానికంటే ఆ ఆశనే ఎక్కువ తిట్టుకుంది దారి పొడుగునా.

ఇంట్లో సంగతి వినగానే భాస్కర్ మొహం వెలిగిపోయింది. "ఇంకేం, తీసేసుకో. పదిహేనేళ్ల నుంచీ నన్ను సాధిస్తున్నది ఈ సీటు కోసమేగా."

"నా పని దొంగిలించాడండీ."

"దొంగతనం అంటావేంటి? పెద్దాయన. నీకు ఎంట్రీ ఇస్తున్నాడు. రేపు ఫంక్షన్లలో మొహమొహాలు చూసుకోవద్దా?"

"మొహం చూపించలేని పని చేసింది నేనా?"

సోఫాలో ఫోను చూసుకుంటున్న అనన్య తలెత్తింది. "నాన్నా, దట్స్ లిటరల్లీ హర్ వర్క్."

"నువ్వు ఊరుకో" అన్నాడు భాస్కర్.

"దాన్నెందుకు ఊరుకోమంటారు?" అంది కుసుమ. "అప్పుడు తర్వాత అన్నారు. ఇప్పుడు తీసుకో అంటున్నారు. ఎప్పుడు మానాలో, ఎప్పుడు చెయ్యాలో, ఎవరి కింద చెయ్యాలో అన్నీ మీరే చెప్తారు. నాకేం కావాలో ఒక్కసారైనా అడిగారా?" గొంతు పెంచలేదు. గిన్నెలు మాత్రం ఆ సాయంత్రం గట్టిగానే మోగాయి.

రెండు రోజుల తర్వాత పేపరు మొత్తం తెప్పించుకుని చదివింది. అప్పుడు అసలు కోపం వచ్చింది. ఆ లెక్క లోతు తక్కువ చెరువులకే పనికొస్తుందని తాను మెయిల్లో స్పష్టంగా రాసింది. లోతైన డ్యాముల్లో వేసవంతా ఆ తేడా ఉండనే ఉంటుంది. రోజూ ప్రమాదం అని బోర్డు పెడితే, నిజంగా ప్రమాదం వచ్చిన రోజు ఎవడూ నమ్మడు. ఈశ్వరప్రసాద్ ఆ ఒక్క ముక్క తీసేసి, అన్ని నీళ్లకూ పనికొస్తుందని రాసేశాడు. దొంగిలించడమైనా సరిగ్గా దొంగిలించలేదు.

పాత మెయిళ్లన్నీ తీసి, నోటుపుస్తకాల ఫొటోలు జతచేసి, పేపరు అచ్చేసిన పత్రికకూ యూనివర్సిటీకీ రాసింది. విషయం బయటికి పొక్కింది. ఈశ్వరప్రసాద్ భార్య లీల ఫోను చేసింది.

"కుసుమా, వచ్చే ఏడు ఆయన రిటైర్మెంటు. బీపీ పెరిగిపోతోంది. మనలో మనకు ఈ కంప్లైంట్లేంటమ్మా?"

"ఆయన ఆరోగ్యం బాగుండాలనే కోరుకుంటాను ఆంటీ. రాసింది మాత్రం వెనక్కి తీసుకోను."

అసోసియేషన్ పిలుపులు తగ్గాయి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెద్దల పట్ల గౌరవం గురించి ఒక మెసేజి పెట్టారు. నలభై మంది దండాలు పెట్టారు. కుసుమ గ్రూపులోంచి బయటికొచ్చేసింది.

అయిదు నెలలకు జవాబులు వచ్చాయి. ఇద్దరి మధ్యా సమాచార లోపం జరిగిందని యూనివర్సిటీ తేల్చింది. పత్రిక ఒక సవరణ వేసి, రచయితల వరసలో ఆఖరున కుసుమ పేరు చేర్చింది. భాస్కర్ స్వీట్లు తెచ్చాడు. కుసుమ డబ్బా తెరవలేదు. డ్యాముల సంగతి మీద ఆ రెండు ఉత్తరాల్లోనూ ఒక్క వాక్యం లేదు. శాస్త్రీయమైన అభ్యంతరాలుంటే వేరే పేపరుగా సమర్పించవచ్చని పత్రిక రాసింది. ల్యాబు టెక్నీషియన్ ఎక్కణ్నుంచి సమర్పిస్తుంది? లోతైన డ్యాము మధ్యకు పోవాలంటే పడవ కావాలి, పరికరాలు కావాలి, వెనక ఒక యూనివర్సిటీ పేరుండాలి.

ఆ వారమే నిర్ణయించుకుంది. ఊరికి అవతలి కొసన ఇంకో యూనివర్సిటీలో, చెరువుల మీద పనిచేసే హెలెన్ అనే ఆవిడకు రాసి, అపాయింట్‌మెంటు తీసుకుంది. నోటుపుస్తకాలు ఆవిడ బల్ల మీద పెట్టింది కానీ చెయ్యి వాటి మీదే ఉంచింది.

"ముందు ఒక మాట. ఇందులోంచి ఏది అచ్చయినా మొదటి పేరు నాది. అది నాకు రాసివ్వండి" అంది ఇంగ్లీషులో.

హెలెన్ కుసుమ మొహం ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా కంప్యూటరు వైపు తిరిగి మెయిలు రాసింది. అది తన ఫోనులో పడ్డాకే కుసుమ చెయ్యి తీసింది.

ఆ రోజు భాస్కర్‌ను అడగలేదు, చెప్పింది. "ఫిబ్రవరి నుంచి ల్యాబు మూడు రోజులే. మిగతా రోజులు హెలెన్ దగ్గర పీహెచ్‌డీకి పోతాను. ఆరేళ్లు పట్టొచ్చు."

"నలభై నాలుగేళ్లు నీకు" అన్నాడు భాస్కర్.

"తెలుసు. ఆ లెక్క మీకంటే నాకే ఎక్కువ తెలుసు."

అతను అనన్యను ట్యూషన్‌కు తాను దించాల్సిన రోజులు ఏవేవో రాసివ్వమన్నాడు. అంతకు మించి కుసుమ ఆశించలేదు.

ఫిబ్రవరిలో మొదటిసారి పడవెక్కి ఒక లోతైన డ్యాము మధ్యకు వెళ్లింది. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. గట్టు మీద ప్రమాదం బోర్డు ఉంది. దాని కిందే ఇద్దరు పిల్లలు నీళ్లలో గంతులేస్తున్నారు. వాళ్ల అమ్మను కేకేసి అడిగితే, ఆ బోర్డు క్రిస్మస్ నుంచీ ఉందనీ, ఏమీ కాలేదనీ చెప్పింది. కుసుమ పళ్లు బిగబట్టి, ఈశ్వరప్రసాద్‌ను చీరాల మాటల్లో నాలుగు తిట్టి, వైరు నీళ్లలోకి వదిలింది.