పడుగు పట్టిన చేతులు

దేవనహళ్ళి అవతలి పల్లెలో నేతపనివాళ్ళే కలిసి నడుపుకునే సంఘం ఒకటి ఉండేది. వాళ్ళ గళ్ళ గుడ్డ బెంగళూరు చిక్కపేట వ్యాపారి చేతుల మీదుగా ఓడెక్కి విదేశాలకు పోయేది. నేత డిప్లొమా చేతికి రాగానే నన్ను ఒక ఏడాదికి అక్కడ పెట్టుకున్నారు. నేను చూడవలసినవి మూడు: రంగు, అంచు, కొలత. ప్రతి తానూ ఒకే తీరుగా రావాలి.

సంఘం సభ ఏ గదిలోనూ జరిగేది కాదు. పొద్దున్నే వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి, గంజి పట్టించి, అందరూ రెండు పక్కలా నిలబడి పట్టుకునేవారు. ఆరేలోగా చెయ్యి వదిలితే నూలంతా చిక్కుపడుతుంది. సంఘం సంగతులన్నీ అలా నిలబడ్డప్పుడే తేలాలి. ఖాళీ చేతులు ఉండవు కాబట్టి చేతులెత్తే ఓటు లేదు. ఒక్కరు కాదన్నా వాళ్ళని ఒప్పించాలి, లేదంటే ఆ పని మానుకోవాలి. మొదట్లో ఇదేం పద్ధతి అనుకున్నాను. రానురాను ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూసేవాణ్ణి.

ఏడాది చివర నన్ను అక్కడే ఉంచుకోవాలా అన్న మాట వచ్చింది. ఉండిపోవాలని నాకు ఎంతో ఆశ. నేనూ పడుగు పట్టుకునే ఉన్నాను. అందరూ సరే అన్నారు. ఎదురు వరుసలో నిలబడ్డ, నాకు రోజూ రాగి సంగటి పెట్టే అవ్వ మాత్రం, "నేనొప్పనప్పా" అంది.

"ఏమవ్వా, సంగటి శానా తింటాడనా?" అన్నాడు పక్కనున్నాయన.

"తిననీ. నాకు కొడుకు మాదిరే ఉండాడు. అయితే ఈయప్ప వచ్చినప్పటి నుంచి మీరు జగడమాడేది మానేస్తిరి. మొన్న రంగు మార్చల్లా వద్దా అంటే ఒక్కడు నోరు తెరిసినాడా? రేపు ఈయప్ప లేకపోతే మీకు మాట వస్తాదా?"

ఏం చెప్తానో అని అందరూ నా మొహం చూశారు.

"చూస్తిరా!" అంది అవ్వ.

అంతే, వీధంతా గోల. గంజి ఆరేదాకా నా గురించి గట్టిగా పోట్లాడుకున్నారు. నేను మాట్లాడలేదు, మాట్లాడితే అందరూ మళ్ళీ నా వైపే తిరిగి అవ్వ మాటే నెగ్గేది. మాట్లాడకపోయినా ఆమె ఒప్పుకోలేదు, ఆమె మాటే నెగ్గింది.

ఇప్పుడు బెంగళూరులో మిల్లు ఉద్యోగం. ఇక్కడ సభల్లో చేతులెత్తితే చాలు, పని అయిపోతుంది. నేనూ ఎత్తుతాను. పొద్దున్నే కిటికీ తెరిచినప్పుడు మాత్రం, ఆ వీధిలో ఈ వేళ దేని గురించి జగడమాడుతున్నారో అనుకుంటాను.