ఏ ముప్పై?

తాళ్ళ కొట్టు ఆమెకి మామగారి నుంచి వచ్చింది. బల్ల అంచున మేకులతో బిగించిన ఇనప బద్ద ఒకటి ఉండేది, పొడవు గజం. దాని మీద తాడు పరిచి లాగడం, లెక్కపెట్టడం, కోయడం ఇరవై ఏళ్ళుగా ఆమెకి కళ్ళు మూసుకుని చేసే పని.

ఒక పొద్దున రంగులు వేసే ఆయన వచ్చాడు. మాటకారి. నీళ్ళ ట్యాంకుకి రంగు వేసే పని దొరికిందనీ, పైన తాడు కట్టుకుని దిగుతూ వేయాలనీ చెప్పాడు.

"ముప్పై ఇవ్వక్కా, గట్టిది చూసి. తెగిందంటే నీ గుమ్మంలోనే వచ్చి కూర్చుంటా."

ఆమె నవ్వి, ముప్పై సార్లు లాగి కోసి ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ట్యాంకు కింద జనం పోగయ్యారు. తాడు తెగలేదు, ముడీ విడలేదు. నేల ఇంకా మనిషెత్తుకి పైగా దూరం ఉండగానే తాడు అయిపోయింది. గోడవైపు తిరిగి జారుతున్న మనిషి అది చూసుకోలేదు. కింద రాళ్ళ కుప్ప. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఎత్తు చూసుకోకుండా తాడు కొన్నాడని ఊరంతా ఆయన్నే తప్పుపట్టింది. ఆ మాట విని మొదట్లో ఆమెకి కాస్త ఊపిరాడింది కూడా. అయినా మనసొప్పక ట్యాంకు దగ్గరికి వెళ్ళింది. అక్కడ రేకు మీద ఎత్తు ఇరవై తొమ్మిది మీటర్లని రాసి ఉంది. ముడి కోసం ఇంకొకటి కలుపుకుని, ఆయన సరిగ్గానే అడిగాడు. ఇంటికొచ్చి కూతురి స్కేలుతో ఇనప బద్దని కొలిచింది. మీటరుకి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తక్కువ. ముప్పై సార్లకి రెండున్నర మీటర్లు.

నువ్వేం మోసం చెయ్యలేదు, ఎవరికీ చెప్పకు అన్నాడు భర్త. కానీ మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు మీద ఆమె పాదం ఆగిపోయేది, కింద ఏమీ లేనట్టు. గుమ్మంలో నీడ పడితే తలెత్తడానికి ధైర్యం చాలేది కాదు. ఎవరో కూర్చున్నట్టే ఉండేది.

నెల తిరక్కుండానే ఆమె రంగులాయన భార్యని కలవడానికి వాళ్ళింటికి వెళ్ళింది.

"ఆయన ముప్పై మీటర్లనుకునే అడిగారు. నేను గజాల్లో ఇచ్చాను. తప్పు ఆయనది కాదు."

ఆ ఇల్లాలు గుమ్మంలోనే నిలబడి అంతా వింది. తర్వాత అడిగింది.

"ఏ ముప్పై అని ఒక్క మాట అడగలేకపోయావా?"

తలుపు మూసుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె ఇనప బద్దని పీకించి, మీటరు బద్ద కొట్టించింది. ఎవరు వచ్చి ఏ అంకె చెప్పినా, "ఏ కొలత?" అని అడిగేది. విసుక్కుని పక్క కొట్టుకి పోయినవాళ్ళు పోయారు. పక్క కొట్టుకి ఆమె కూడా వెళ్ళింది. బట్టల కొట్టు, తీగల కొట్టు, గొట్టాల కొట్టు, దేన్నీ వదల్లేదు. గజాలూ అడుగులూ మానమని బతిమాలింది. వినకపోతే కనీసం చీటీ మీద అంకె పక్కన కొలత పేరు రాయమంది. సంత గోడ మీద ఒకటి నుంచి పది దాకా మీటర్ల గీతలు తనే గీసింది. వాన చెరిపేస్తే మళ్ళీ గీసింది. పిచ్చి పట్టిందన్నారు, మీటరమ్మ అని పేరు పెట్టారు. ఎందుకింత పట్టుదల అంటే ఎవరి దగ్గరా దాచకుండా జరిగింది చెప్పేది. నవ్వేవాళ్ళు అక్కడితో ఆగిపోయేవాళ్ళు.

నాలుగేళ్ళలో కొట్లు ఒక్కొక్కటే మారాయి. పంతం పట్టిన బట్టల కొట్టాయన కూడా చివరికి, నీ బాధ పడలేక, అంటూ మీటరు బద్ద తెచ్చుకున్నాడు.

ఒకరోజు రంగులాయన భార్య కొట్టుకి వచ్చింది. బట్టలు ఆరేసుకునే తాడు కావాలంది.

"ఆరు మీటర్లు."

ఆమె కొలిచి కోసింది. వచ్చినావిడ సంచిలోంచి తన టేపు తీసి, బల్ల మీద తాడుని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ కొలుచుకుంది. సరిగ్గా ఆరు. తాడు చుట్టుకుని వెళ్ళిపోయింది.