నీలం కాయితం గొలుసు

1954. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది. చోడవరంలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతి పంతులమ్మగా చేరాను. ట్రైనింగ్ నుంచి అప్పుడే వచ్చిన దాన్ని కాబట్టి క్రాఫ్ట్ పీరియడ్ కూడా నా నెత్తినే పెట్టారు. క్రాఫ్ట్ అంటే పెద్ద తరగతులకి తకిలీ మీద నూలు వడకడం. చిన్నపిల్లలకి పేపర్ వర్క్, అంటే కాయితం మడిచి పడవలు, టోపీలు చేయించడం, కత్తిరించి పువ్వులు అతికించడం. చూసేవాళ్లకి అది ఆటే. కానీ ఐదేళ్ల పిల్ల వేళ్లు ఒక మడతని కుదురుగా పెట్టగలిగితే రేపు బలపాన్ని కుదురుగా పడతాయి. ఆ మాట అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

చిక్కల్లా కాయితాలతోనే. బడికి రంగు కాయితాలు వచ్చేవి కావు. అందుకని పిల్లల్ని ఇంటి నుంచి పనికిరాని కాయితాలు తెమ్మనేదాన్ని. తీగకి గుచ్చిన పాత ఉత్తరాలు, కిందటేటి పంచాంగం, కొట్లో పొట్లం కట్టిన కాయితం, ఏదైనా సరే.

ఆ మాఘంలో ఇన్‌స్పెక్షన్ వచ్చిపడింది. ఇన్‌స్పెక్టరు గారికి గది నిండా పేపర్ చైన్లు కట్టి చూపించాలని నా ఉబలాటం. కాయితాన్ని వేలెడు వెడల్పు ముక్కలుగా కోస్తే వాటిని స్ట్రిప్స్ అంటాం. ఒక్కో స్ట్రిప్‌ని ఉంగరంలా చుట్టి, ఒకదాంట్లోంచి ఒకటి దూర్చి అతికిస్తే గొలుసవుతుంది. జిగురు నేనే ఉడికించేదాన్ని, మైదాపిండిలో చిటికెడు మైలుతుత్తం కలిపి.

అందరూ కాయితాలు తెచ్చారు, నూకాలు తప్ప. ఆరేళ్ల గుంట, అంటే ఆడపిల్ల. తండ్రి అప్పలసామి కలకత్తా వైపు జూటు మిల్లుకి వెళ్లాడు, ఏడాదిగా కబురు లేదు. తల్లి పైడమ్మ చెరుకు గానుగ రోజులు కావడంతో బుచ్చయ్యపేటలో బెల్లం పాకల దగ్గర పనికుండిపోయింది. ఇంట్లో ఉన్నది కళ్లు సరిగా ఆనని నాయనమ్మ. ఆ ఇంట్లో కాయితం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాత్రం నాకు తోచలేదు. రెండు రోజులు ఊరుకుని, మూడోనాడు కసిరాను.

"రేపు కూడా ఒట్టి చేతులతో వస్తే బయట కూర్చో."

మర్నాడు నూకాలు పరుగున వచ్చింది. చేతిలో నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరం. మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి మరీ తెచ్చింది.

"టీచరమ్మా, రంగుదే తెచ్చేను!"

"అబ్బో! మా నూకాలే నూకాలు," అన్నాను. ఆ పిల్ల మొహం ఇంతయింది. దాని మీద రాత ఉందని చూశాను. అందరూ తెచ్చిన పాత ఉత్తరాల్లాంటిదే అనుకున్నాను. పది కాయితాలు దొంతర పెట్టి ఒక్క ఊపున కత్తిరించడం నాకు అలవాటు, అందులో నాకు గర్వం కూడా ఉండేది. అలాగే కత్తిరించేశాను. పంపినవాళ్ల చిరునామా ఉన్న ముక్క గట్టిగా ఉందని దాన్ని పువ్వు చేసి ఇన్‌స్పెక్టరు గారి దండలో గుచ్చాను.

ఇన్‌స్పెక్టరు గారు చైన్లు చూసి మెచ్చుకున్నారు. ఎవరి గొలుసు వాళ్లకి ఇచ్చి పంపాను. నూకాలు తన నీలం గొలుసుని మెళ్లో వేసుకుని ఇంటికెళ్లింది.

రెండు రోజుల తర్వాత ఉదయం బెల్లు కొట్టకముందే, ముందురోజు రాత్రి బెల్లం పాకల నుంచి తిరిగొచ్చిన పైడమ్మ గుమ్మంలో నిలబడింది. చేతిలో ఆ గొలుసు. ఏడవడం లేదు.

"ఎప్పుడు పోయేడమ్మా?"

"ఎవరు పైడమ్మా?"

"మా గుంట బాబు. రోజు సెప్తే దినం సేసుకుంటాం."

బాబంటే తండ్రి, అప్పలసామి. అతను పోయాడని ఎందుకనుకుందో నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. నేను కసిరిన రోజే పోస్టుమాను ఆ ఉత్తరాన్ని ముసలమ్మ చేతిలో పెట్టాడట. కోడలు వచ్చాక ఎవరిచేతైనా చదివించుకోవచ్చని ఆవిడ చూరులో దోపిందట. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాయితం అది. దాన్నే నూకాలు నాకు తెచ్చి ఇచ్చింది.

మా వైపు చావు కబురున్న ఉత్తరాన్ని ఇంట్లో ఉంచరు. చదివి పెట్టినవాళ్లే అప్పటికప్పుడు చించేస్తారు. చింపిన ఉత్తరం చూస్తే చదువు రానివాళ్లకి కూడా సంగతి తెలిసిపోతుంది. పైడమ్మకి అలాగే తెలిసింది.

"అయ్యో, నేనది చదవనే లేదు," అన్నాను.

పైడమ్మ నా మొహంలోకి చూసింది. "సదువుకున్నోరు సదవకుండా సింపుతారేటమ్మా?"



"ఉండు, ఇప్పుడే అతికించి చదివి పెడతాను," అని గొలుసు అందుకున్నాను. అతుకులు ఊడాలంటే నీళ్లలో నానబెట్టాలని ట్రైనింగ్‌లో నేర్పారు. పళ్లెంలో నీళ్లు పోసి ఉంగరాలన్నీ ఒకేసారి వేశాను. ఆ ఉత్తరం కాపీయింగ్ పెన్సిల్‌తో రాసింది. పొడిగా ఉన్నంతసేపు మామూలు పెన్సిల్ రాతలా కనబడుతుంది, తడి తగిలితే ఊదారంగు సిరా అయిపోతుంది. చూస్తూ ఉండగానే పళ్లెమంతా ఊదారంగు. చెయ్యి పెట్టి లాగేసరికి మూడు ముక్కలు మిగిలాయి. ఒకదాని మీద "నూకాలు". ఒకదాని మీద "జాగర్త". మూడోదాని మీద "వచ్చే". అక్కడికి నా కత్తెర అంచు.

వచ్చే నెలా? వచ్చేస్తన్నానా? వచ్చేది లేదా? అప్పలసామికి రాయడం రాదు, ఎవరిచేతో రాయించేవాడు. అతను రాయించాడో, అతని గురించి ఇంకెవరైనా రాశారో కూడా తెలీదు. చిరునామా పువ్వు కోసం ఇన్‌స్పెక్టరు గారి బంట్రోతుకి కబురు పెట్టాను. దండ దారిలో ఎక్కడో పారేశామని వారానికి జవాబొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఉత్తరం తడిసిన రోజే ఇంకో తెలివితక్కువ పని చేశాను. పైడమ్మ అలా చూస్తూ ఉంటే భరించలేక, సాయంత్రం వాళ్లింటికెళ్లి అబద్ధమాడాను.

"శుభమే రాశాడు పైడమ్మా. వస్తానన్నాడు. నూకాలు జాగ్రత్త అన్నాడు."

పైడమ్మ చేతిలో పని ఆపింది. ఆ తర్వాత మెల్లిగా అంది.

"పొద్దున్న సదవలేదన్నారు. అంటే సదివేరన్నమాట."

నేను తల దించుకున్నాను.

"శుభమైతే ఎందుకు సింపేరమ్మా? మీ మనసు మంచిది, అందుకే దాస్తన్నారు. నాకు తెల్సు."

నా ముందే కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపబోయాను. "మీరేటి సేస్తారమ్మా," అని నన్నే ఓదార్చింది. లోపల ముసలమ్మ రాగం తీసింది. నూకాలు గోడ పక్కన నిలబడి నాకేసి చూస్తూ ఉంది. తను తెచ్చిన కాయితంలో ఏం తప్పుందో ఆ పిల్లకి తెలీదు.

కలకత్తా వైపు తెలిసిన మిల్లులన్నిటికీ ఉత్తరాలు రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. అప్పలసామి రాలేదు, మరో ఉత్తరమూ రాలేదు. బతికి ఉండి రాలేదో, మనిషే లేక రాలేదో ఆ దేవుడికే తెలియాలి. నూకాలు మర్నాటి నుంచి బడి మానేసింది. రెండుసార్లు పిలవడానికి వెళ్లాను. నన్ను చూడగానే పెరట్లోకి పారిపోయింది.

ఆ తర్వాత ఇంకా ఇరవై ఏళ్లు పేపర్ వర్క్ చెప్పాను. పిల్లలు తెచ్చిన ప్రతి కాయితాన్నీ రెండు వైపులా చదివాకే కత్తెర పట్టేదాన్ని. పొట్లం కాయితమైనా సరే. "ఏటండీ ఈ పిచ్చి?" అని తోటి టీచర్లు నవ్వేవారు. నవ్వనిచ్చాను. నేర్చుకున్నదీ అదొక్కటే. పైడమ్మ సంతలో ఎప్పుడు కనబడినా చేతులెత్తి దణ్ణం పెట్టేది. తనకి చెప్పలేక ఆ చావు కబురుని నా కడుపులోనే దాచుకున్నానని ఆవిడ నమ్మకం, అందుకే ఆ దణ్ణం.