తిరగేసిన ద్వీపకల్పం

ఫ్యాక్టరీ మూతపడినా పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. ఏళ్ల తరబడి చెప్పులకు అడుగుతోలు కోసిన మనిషి కాబట్టి వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ చెప్పులత్తే. ఆ చేతికి మళ్ళీ ఎవరూ పని చెప్పలేదు. ఇంట్లో బెండకాయలు తరుగుతూ, ముక్కలన్నీ ఒకే మందాన రాకపోతే వాటి మీదే విసుక్కునేది.

అలాంటప్పుడు మ్యూజియం మేడమ్ కబురు పెట్టింది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన తమ ద్వీపకల్పానికి ఎత్తుపల్లాలతో సహా నమూనా చెయ్యాలట. పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలుంటాయి. ఒక్కో గీత వెంబడి ఒక్కో బెండు పలక కోసి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే కొండ లేస్తుంది.

"ఇది కుదిరితే మా వర్క్‌షాపులో ఉద్యోగం మీదే. శనివారం మధ్యాహ్నం వచ్చి చూస్తాను" అంది మేడమ్.

మళ్ళీ పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని పనికి వెళ్ళాలని చెప్పులత్త ప్రాణం కొట్టుకుపోతోంది. తిండీ తిప్పలూ మరిచి కోసింది. శనివారం పొద్దున పలకలన్నీ పేర్చి, ఇక జిగురు పెట్టడమే తరువాయి అనగా, పడవ నడిపే మొగుణ్ణి పిలిచి చూపించింది.

ఆయన అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు.

"ఏమే, మన ఊరు అవతలి ఒడ్డుకెప్పుడు పోయింది? దీన్ని నమ్ముకుంటే పడవని సరాసరి కొండెక్కిస్తాను!"

ఆవిడ గబుక్కున ఒక పలక తిప్పి చూసుకుంది. గీత పైకి కనబడకూడదని తోలుకి ఎప్పుడూ వెనకవైపే గుర్తు పెడతారు. అలవాటు కొద్దీ బెండుకీ గరుకుగా ఉన్న వెనకవైపే గీసి, కోసి, నునుపు వైపు పైకి పెట్టి పేర్చింది. తూర్పు కాస్తా పడమరైంది, రేవులన్నీ తారుమారయ్యాయి.

"పోనీలే, ఇంకో వారం గడువడుగుదాం" అన్నాడాయన.

"మీరు కాసేపు ఊరుకోండి!"

ఏడుపు తన్నుకొస్తున్నా చూపు పలకల మీదే ఉంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"ఎడమకాలి అడుగుతోలు బోర్లిస్తే ఏ కాలిదవుతుంది?"

"కుడికాలిది."

"మరింకేం! రండి, ఓ చెయ్యి వెయ్యండి!"

ఇద్దరూ నేల మీద చతికిలబడి పలకలన్నీ ఒక్కొక్కటే బోర్లించి, అడుగు నుంచి మళ్ళీ పేర్చారు. ఊళ్లన్నీ దేని ఒడ్డుకి అది చేరుకున్నాయి. పైగా గరుకు వైపు పైకొచ్చేసరికి, ఇందాకటి నున్నటి కొండ ఇప్పుడు అచ్చం రాళ్ళగుట్టే. ఆవిడ పగలబడి నవ్వుతూ జిగురు డబ్బా మూత తీసింది.

మేడమ్ వచ్చి కొండ మీద అరచెయ్యి ఆనించింది. "అబ్బ, ఈ గరుకు ఎంత బావుందండీ! ఎలా తట్టింది?"

మొగుడు గొంతు సవరించుకున్నాడు. చెప్పులత్త ఆయన్ని ఆపి, దాచుకోకుండా జరిగిందంతా చెప్పేసింది. మేడమ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"సోమవారం ఎన్నింటికి రాగలరు?"

"మీరు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉంటాను" అంది చెప్పులత్త.